నలుపు తెలుపు పొరల్లోంచి రంగుల నీహారిక

డిసెంబరు మా ప్రెస్‌లో క్యాలెండర్ల నెల. అమలాపురంలో మా ఆఫ్‌సెట్ మిషను పొద్దున్నే మొదలైతే రాత్రి పదింటిదాకా ఆగదు. అలాంటి ఒక సాయంత్రం పక్క ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పే మాస్టారు పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చారు. అంతరిక్షంలో ఉన్న జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసిన కరీనా నీహారిక (నక్షత్రాల మధ్య వాయువూ ధూళీ కలిసిన పెద్ద మేఘం) ఫొటోని సైన్సు ఫెయిర్ కోసం పెద్ద ఫ్లెక్సీగా వేయించాలట. నేను ఫైలు తెరిచి కొలతలు చూసుకుంటుంటే ఆయన కాస్త మొహమాటంగా అడిగారు. "ఏవండీ, ఈ రంగులన్నీ కంప్యూటర్లో వేసినవేనంట కదండీ? నిజానికి అక్కడ ఇలా ఉండదంట. మరి పిల్లలకి ఏమని చెప్పమంటారు?"

ఆయన్ని మిషను దగ్గరికి తీసుకెళ్ళాను. మాది సింగిల్ కలర్ మిషను. ఒక్కో రంగుకి కాగితం ఒక్కోసారి లోపలికి వెళ్ళి రావాలి. ఆ రోజు దేవుడి క్యాలెండరు మీద పసుపు, మెజెంటా అయిపోయాయి, ఇంకా బ్లూ, బ్లాక్ ఎక్కాలి. ఆ దశలో స్వామి ముఖం కుంకుమ నీళ్ళు చల్లినట్టు ఉంటుంది, వెనక కొండలు నారింజ రంగులో ఉంటాయి. బల్ల మీదున్న బ్లూ ప్లేటు చూపించాను. దాని మీద బొమ్మ ఉంది, నీలం మాత్రం లేదు. ఎక్కడ ఎంత ఇంకు పడాలో చెప్పే చుక్కలే ఉన్నాయి. "మాస్టారూ, రంగు ప్లేటులో ఉండదు. ఈ ప్లేటుని ఏ ఇంకుతో నడపాలో మనం నిర్ణయించుకుంటాం. అంతరిక్షంలో ఉన్న హబుల్ టెలిస్కోపు అయినా, ఈ వెబ్ అయినా కిందకి పంపేవి ఇలాంటి ప్లేట్లే" అన్నాను.

ఆయన తల ఊపారు గానీ వదల్లేదు. "మీ దగ్గర నీలం ఉన్నచోటే నీలం ఇంకు వేస్తారు కదండీ. వాళ్ళు పట్టుకున్న కాంతి అసలు కంటికే కనపడదంటున్నారు. దానికి ఏ రంగు వేస్తే ఏది నిజం?" చాలా మంచి ప్రశ్న. మిషను పక్కన నిలబడి రెండు ముక్కల్లో తేల్చేది కాదు. ఆయనకి ఆ తర్వాత నాలుగైదు సాయంత్రాల్లో చెప్పినదాన్నే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందు మన కంటి సంగతి. కంటి వెనక పొరలో రంగుని పట్టే కణాలు మూడు రకాలు. ఒక రకం కాంతిలోని పొడుగు అలలకి, ఇంకోటి మధ్యరకం అలలకి, మూడోది పొట్టి అలలకి ఎక్కువగా స్పందిస్తుంది. అల పొడవు 400 నుంచి 700 నానోమీటర్ల (నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లో వంతు) వరకూ ఉన్న కాంతినంతా మెదడు ఈ మూడు కొలతలుగానే అందుకుంటుంది. కొబ్బరాకు పచ్చదనమైనా, వరద గోదారి ఎరుపైనా లోపలికి వెళ్ళేసరికి మూడు అంకెలే.

దీన్ని ఆధారం చేసుకుని 1861లో లండన్‌లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ ఒక ప్రయోగం చూపించాడు. గళ్ళ రిబ్బను ఒకదాన్ని థామస్ సటన్ అనే ఫొటోగ్రాఫర్ చేత ఎర్ర, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ల గుండా విడివిడిగా ఫొటోలు తీయించాడు. వచ్చినవన్నీ నలుపు తెలుపు బొమ్మలే. ఒక్కో బొమ్మని దాని ఫిల్టరు గుండానే తెర మీదకి వేసి, మూడింటినీ ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టాడు. తెర మీద రంగుల రిబ్బను కనిపించింది. ఈ కథలో నాకు ఎంతో ఇష్టమైన సంగతి తర్వాత నూరేళ్ళకి బయటపడింది. ఆ రోజుల్లో ఫొటో రసాయనాలు ఎర్ర కాంతిని దాదాపు పట్టుకోలేవు. మరి ఎర్ర ఫిల్టరు వెనక బొమ్మ ఎలా పడింది? కొడాక్ పరిశోధకులు 1961లో ఆ ప్రయోగాన్ని మళ్ళీ చేసి చూశారు. రిబ్బనులోని ఎర్ర భాగాలు అతినీలలోహిత కాంతిని కూడా వెదజల్లుతున్నాయి, ఆ ఫిల్టరు దాన్ని లోపలికి వదిలింది, ప్లేటు మీద పడింది అదే. అంటే చరిత్రలో ఆ తొలి రంగుల ఫొటోలోనే, కంటికి కనపడని కాంతి ఎరుపు స్థానంలో కూర్చుంది.

మీ జేబులోని ఫోను కూడా ఇదే పని చేస్తుంది. దాని సెన్సరులోని ఒక్కో గడి మీద ఎరుపో, ఆకుపచ్చో, నీలమో ఒక చిన్న ఫిల్టరు ఉంటుంది. సగం గడులు ఆకుపచ్చవి, మిగతా సగాన్ని ఎరుపు, నీలం పంచుకుంటాయి. ఏ గడికీ మూడు రంగులూ తెలియవు. తెలియని రెండింటినీ పక్క గడులని చూసి లెక్కగట్టి నింపుతారు. పెళ్ళిలో తీసిన ఫొటోలో పట్టుచీర రంగులో మూడింట రెండు వంతులు అలా లెక్కలో వచ్చినదే.

టెలిస్కోపుల కెమెరాలకి ఈ పద్ధతి పనికిరాదు. వేల కాంతి సంవత్సరాలు దాటి వచ్చే ఆ కొద్దిపాటి వెలుగుని ప్రతి గడీ పూర్తిగా తాగాలి. అందుకే సెన్సరుని నలుపు తెలుపుగానే ఉంచి, దాని ముందు ఫిల్టర్లున్న చక్రాన్ని తిప్పుతారు. ఒక ఫిల్టరు పెట్టి ఫొటో, అది మార్చి మళ్ళీ అదే చోటి ఫొటో. ఫిల్టరు పేరులోనే దాని కొలత ఉంటుంది. హబుల్‌లో ఎఫ్656ఎన్ అంటే 656 నానోమీటర్ల దగ్గర చాలా ఇరుకైన సందు. వెబ్‌లో ఎఫ్444డబ్ల్యూ అంటే 4.44 మైక్రాన్ల (మైక్రాను అంటే వెయ్యి నానోమీటర్లు) చుట్టూ వెడల్పైన కిటికీ. ఈ పేర్లు చదవడం వస్తే ఏ ఫొటోనైనా సగం విప్పుకున్నట్టే.

నేను ఒకసారి స్వయంగా చేసి చూశాను. గద్ద నీహారికలోని ధూళి స్తంభాలని హబుల్ 1995 ఏప్రిల్ 1న తీసింది. జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ అనే శాస్త్రవేత్తలు తీయించిన ఆ ఫొటో మీరు ఏదో ఒక పాఠ్యపుస్తకంలో చూసే ఉంటారు. హబుల్ అసలు ఫైళ్ళు ఇప్పుడు ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా దింపుకోవచ్చు. ప్రెస్ కట్టేశాక డిజైనింగ్ కంప్యూటర్లో మూడు ఫైళ్ళు దింపుకున్నాను. ఒకటి ఆ మేఘంలోని ఆక్సిజన్ ఇచ్చే వెలుగు, 501 నానోమీటర్ల దగ్గరిది. రెండోది హైడ్రోజన్, 656. మూడోది గంధకం, 672 చుట్టుపక్కలది.

తెరిస్తే మూడూ నల్లటి పలకల్లా ఉన్నాయి. ఫైళ్ళు పాడయ్యాయనుకున్నాను. నిజానికి అందులో అంతా ఉంది. ఒక నక్షత్రం నడిబొడ్డుకీ, దాని పక్కన పల్చటి మేఘానికీ వెలుగులో తేడా వేల రెట్లు ఉంటుంది. మన తెర చూపించగలిగేది ఒక్కో రంగులో 256 మెట్లే. ఉన్నదున్నట్టు పెడితే నక్షత్రాలు నాలుగు చుక్కలుగా మిగిలి మేఘమంతా నలుపులో కలిసిపోతుంది. అందుకని చీకటి భాగాన్ని సాగదీసి, వెలుగు భాగాన్ని నొక్కిపెడతారు. ఈ సాగదీత అయ్యేసరికి నల్లటి పలకలోంచి స్తంభాలు మెల్లగా పైకి తేలాయి. ఆ క్షణం కోసం మళ్ళీ ఎన్నిసార్లయినా చేయవచ్చు.

వాటి మీద ఎక్కడపడితే అక్కడ తెల్లటి గీతలూ చుక్కలూ ఉన్నాయి. అంతరిక్షంలోంచి వచ్చే వేగమైన కణాలు సెన్సరుని తాకిన మచ్చలవి. ఒకే ఫిల్టరుతో రెండు ఫొటోలు తీసి పోల్చితే, ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేనివి తేలిపోతాయి, వాటిని తీసేయాలి.

ఆ తర్వాత పొరలని ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టడం. ఇది నా సొంత పని. మా దగ్గర ఒక ప్లేటు వెంట్రుకవాసి జరిగితే దేవుడి పెదవులు రెండుగా పడతాయి. అందుకే షీటు అంచుల్లో ప్లస్ గుర్తులు పెట్టుకుంటాం, నాలుగు రంగుల ప్లస్‌లూ ఒక్కటైపోతే బొమ్మ కూర్చున్నట్టు. ఆకాశంలో ఆ గుర్తులు ఎవరూ పెట్టక్కర్లేదు, నక్షత్రాలే ఉన్నాయి. మూడు పొరల్లోనూ అవే నక్షత్రాలు ఒకదాని మీద ఒకటి పడేలా జరిపి, తిప్పి, అవసరమైతే కొంచెం సాగదీసి సరిచేస్తారు. ఈ ఫొటోలో పైన ఒక మూల మెట్లు మెట్లుగా నల్లగా ఖాళీ ఉంటుంది. అప్పటి కెమెరాలో నాలుగు చిప్పులు, వాటిలో ఒకటి మిగతావాటికన్నా దగ్గరగా చూసేది. దాని బొమ్మని మిగతావాటి కొలతకి తగ్గించి అతికిస్తే మిగిలిన ఖాళీ అది. దాన్ని ఎవరూ నింపలేదు. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది.

ఇక రంగు. అన్నిటికన్నా పొట్టి అల ఆక్సిజన్‌ది, దానికి నీలం. మధ్యది హైడ్రోజన్, దానికి ఆకుపచ్చ. అన్నిటికన్నా పొడుగు గంధకం, దానికి ఎరుపు. నిజానికి హైడ్రోజన్ వెలుగు ఎరుపు. గంధకం వెలుగు కూడా ఎరుపే. 656కీ 672కీ తేడా కన్ను చెప్పలేదు. ఉన్న రంగులే వేస్తే ఆ రెండూ ఒకే ఎరుపులో కలిసిపోయి, ఏ వాయువు ఎక్కడుందో తెలియకుండా పోతుంది. హైడ్రోజన్‌ని పచ్చలోకి జరిపింది అందుకు. వరస మాత్రం చెడలేదు, పొట్టి అల నీలం వైపు, పొడుగు అల ఎరుపు వైపు ఉన్నాయి.

నా మొదటి ప్రయత్నంలో మొత్తం పచ్చగా, వరి నారుమడిలా వచ్చింది. అక్కడ హైడ్రోజనే ఎక్కువ, దాని వెలుగే బలమైనది. మిగతా రెండు పొరలని పెంచి, పచ్చని తగ్గించాక స్తంభాలు తెలిసిన ఆ బంగారు గోధుమ రంగుకి వచ్చాయి. అప్పుడు ఇంకోటి గమనించాను. నక్షత్రాలన్నీ మెజెంటాలోకి తిరిగాయి! పచ్చని తగ్గించి ఎరుపు, నీలం పెంచితే తెల్లని నక్షత్రంలో మిగిలేది మెజెంటాయే, ప్రెస్‌లో పెరిగినవాడికి అది వెంటనే అర్థమవుతుంది. అంటే ఆ ఫొటోల్లో గులాబీ నక్షత్రం కనిపిస్తే అది నక్షత్రం రంగు కాదు, పొరల తూకం తాలూకు జాడ.

ఒక్కో మూలకానికి ఒక్కో సొంత వెలుగు ఉంటుందన్న సంగతికి మన నేలతోనూ చుట్టరికం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన తీరం మీదుగా వెళ్ళింది. కృష్ణ అవతల గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల వెలుగుని విడగొట్టి చూసి, ప్రకాశవంతమైన గీతలు గుర్తించాడు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ అనే శాస్త్రవేత్త కూడా గ్రహణం లేకుండానే అలాంటి గీతలు చూశాడు. వాటిలో ఒక పసుపు గీత అప్పటికి తెలిసిన ఏ మూలకానిదీ కాదని తేలింది. అలా హీలియం సూర్యుడిలో ముందు దొరికింది. భూమ్మీద దొరకడానికి 1895 దాకా పట్టింది. ఇరుకైన ఫిల్టరు చేసేది ఆ ఒక్క గీతని మాత్రమే లోపలికి రానివ్వడం.

ఇప్పుడు మాస్టారి అసలు ప్రశ్న. వెబ్ చూసేది ఎక్కువగా పరారుణ కాంతి, 0.6 మైక్రాన్ల నుంచి 28 మైక్రాన్ల దాకా. మన కన్ను 0.7 దగ్గరే ఆగిపోతుంది. ఆ కాంతికి మనకి తెలిసిన రంగు అంటూ ఏదీ లేదు. అలాంటప్పుడు శ్రుతి మార్చినట్టు చేస్తారు. ఒక పాట మరీ కింది శ్రుతిలో ఉండి చెవికి అందకపోతే శ్రుతి పెంచుకుని పాడతాం. స్వరాల వరస అదే, వాటి మధ్య దూరాలు అవే, రాగం మారదు. అలాగే పరారుణంలో పొట్టి అలలకి నీలం, పొడుగు అలలకి ఎరుపు, మధ్యవాటికి మధ్య రంగులు ఇస్తారు. ఆ కరీనా ఫొటోలో ఆరు పొరలున్నాయి. 0.9 మైక్రాన్ల పొరకి నీలం, 4.44 మైక్రాన్ల పొరకి ఎరుపు. పోలిక పూర్తిగా సరిపోదు, నిజమే. శ్రుతి మార్చినప్పుడు దూరాలన్నీ ఒక్క లెక్కన జరుగుతాయి, ఇక్కడ అంత కచ్చితం ఉండదు. వరస మాత్రం సాధ్యమైనంత వరకూ కాపాడతారు.

పరారుణంలో చూడటం ఎందుకంటే ధూళి దాన్ని అంతగా ఆపలేదు. సాయంత్రం గోదారి గట్టు మీద సూర్యుడు ఎర్రబడేది ఎందుకో తెలుసు కదా, గాలి నీలాన్ని చెదరగొడుతుంది, ఎరుపు దాటి వస్తుంది. అంతకన్నా పొడుగు అలలు నక్షత్రాల మధ్య ఉండే సన్నటి ధూళిని ఇంకా తేలిగ్గా దాటతాయి. (సంక్రాంతి నాటి మన తెల్లవారుజాము మంచుకి ఇది వర్తించదు. ఆ నీటి బిందువులు ఈ అలలకన్నా పెద్దవి.) 1995లో చిక్కగా నిలబడిన ఆ స్తంభాలే 2022 అక్టోబరులో వెబ్ విడుదల చేసిన ఫొటోలో పల్చబడి, లోపల పుడుతున్న నక్షత్రాలు ఎర్రటి నిప్పురవ్వల్లా బయటపడ్డాయి.

దీనికి ఇంత దూరం కూడా వెళ్ళక్కర్లేదు. చాలా ఏళ్ళ క్రితం ఒక రిపోర్టు కోసం కోనసీమ ఉపగ్రహ చిత్రం ప్రింటుకి వచ్చింది. మొదటి షీటు బయటికి రాగానే మిషను ఆపేశాను. గౌతమికీ వసిష్ఠకీ మధ్య మన ప్రాంతమంతా రక్తంలా ఎర్రగా ఉంది. ప్లేట్లు తారుమారయ్యాయని టెన్షన్ పడి, ఫైలు మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. ఏమీ తప్పులేదు. మన దేశపు రిసోర్స్‌శాట్ ఉపగ్రహాల కెమెరాలు ఆకుపచ్చ, ఎరుపు, దగ్గరి పరారుణం అనే మూడు పట్టీల్లో నేలని చూస్తాయి. ఫొటో చేసేటప్పుడు ఒక్కోదాన్నీ ఒక మెట్టు జరుపుతారు. పరారుణానికి ఎరుపు, ఎరుపుకి ఆకుపచ్చ, ఆకుపచ్చకి నీలం. పచ్చని ఆకు ఎర్ర కాంతిని మింగేసి, పరారుణాన్ని బాగా వెనక్కి కొడుతుంది. కాబట్టి చెట్టు ఎంత ఏపుగా ఉంటే బొమ్మలో అంత ఎరుపు. కొబ్బరి తోటలు, నాట్లు నిలదొక్కుకున్న వరి, కోరింగ మడ అడవి ఎర్రగా ఉంటాయి. రొయ్యల చెరువులు నల్లని గడులుగా తెలిసిపోతాయి. బురద తెచ్చే వరద గోదారి లేత నీలంగా ఉంటుంది. కోత కోసేశాక అదే పొలం ఎరుపు పోగొట్టుకుంటుంది. మామూలు ఫొటోలో చెరువు గట్టు మీద గడ్డికీ, పక్కన పంటకీ తేడా తెలియదు, ఇందులో చాలాసార్లు తెలుస్తుంది. ఎర్ర కోనసీమ అబద్ధమని మనలో ఎవరూ అనరు, ఎందుకంటే ఆ పొలం మనకి తెలుసు. నీహారిక విషయంలో ఆ అవకాశం లేదు, అనుమానం అక్కడ పుడుతుంది.

ఇంకో రకం రంగు ఫొటో ఉంది, దీంతో కలిపి గందరగోళపడకూడదు. తుపాను వచ్చినప్పుడు టీవీలో మేఘాల మీద ఎరుపు, పసుపు వలయాలు చూపిస్తారు. అక్కడ పొర ఒక్కటే, మేఘం పైభాగం ఎంత చల్లగా ఉందో చెప్పే పరారుణ చిత్రం. దాని అంకెలకి తగ్గట్టు రంగులు పూస్తారు. 2019 ఏప్రిల్ 10న విడుదలైన కృష్ణబిలం ఫొటో కూడా ఈ జాతిదే. 1.3 మిల్లీమీటర్ల రేడియో తరంగం ఒక్కదానితో తీసినది. ఆ నారింజ రంగు ఎక్కడ ఎంత తీవ్రత ఉందో మాత్రమే చెబుతుంది. అక్కడ వెచ్చని నారింజ మంట ఉందనుకుంటే పొరపాటు.

ఎక్స్-కిరణాలైతే ఫిల్టరు కూడా అక్కర్లేదు. 1999లో పైకెళ్ళిన చంద్ర టెలిస్కోపు, మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు మీదది, వచ్చిన ఒక్కో ఎక్స్-కిరణ కణం శక్తినీ, స్థానాన్నీ విడిగా రాసుకుంటుంది. తర్వాత తీరిగ్గా శక్తి ప్రకారం పొరలు వేరు చేసుకోవచ్చు. కాసియోపియా-ఏ అనే పేలిపోయిన నక్షత్రం శేషాలని అలా విడదీసి సిలికాన్ ఎరుపు, గంధకం పసుపు, కాల్షియం పచ్చ, ఇనుము ఊదా రంగుల్లో చూపించారు. మన రక్తంలో ఉండే ఇనుము లాంటిదే ఒక నక్షత్రంలో తయారై బయటికి చిమ్మిన తీరు అది. ఏ కన్నూ చూడలేనిది, రంగు వేయకపోతే మనం ఎప్పటికీ చూడలేకపోయేది.

విమర్శకుల మాటలో నిజం లేకపోలేదు. సాగదీత వల్ల ఆ ఫొటోలో ఏది దేనికన్నా ఎన్ని రెట్లు ప్రకాశవంతమో చూసి చెప్పలేం. శాస్త్రవేత్తలు కొలతలు తీసుకునేది అసలు అంకెల ఫైలులోంచే, ఈ అందమైన బొమ్మలోంచి కాదు. పొరల తూకంలోనూ, ఏది పైకి పెట్టాలన్నదాంట్లోనూ చేసేవాళ్ళ అభిరుచి ఉంటుంది. నన్ను బాధపెట్టేది ఇంకోటి. విడుదల చేసినవాళ్ళు ఏ ఫిల్టరుకి ఏ రంగు ఇచ్చారో రాసిపెడతారు. వాట్సాప్‌లో నాలుగు చేతులు మారేసరికి ఆ వివరం పోయి బొమ్మ ఒక్కటే మిగులుతుంది. కొలబద్ద చింపేసిన మ్యాపు అది. ప్రింటు చేసేవాళ్ళుగా మేమూ ఆ తప్పు చేశాం, అందంగా లేదని అడుగున ఉన్న అక్షరాలు కోసేశాం.

దగ్గరికి వెళ్తే నిజం రంగు కనిపిస్తుందేమో అని మాస్టారు మరో సాయంత్రం అడిగారు. అది కూడా జరగదు. దగ్గరికి వెళ్ళేకొద్దీ మేఘం నుంచి వచ్చే వెలుగు పెరుగుతుంది, మేఘం కూడా అంతే నిష్పత్తిలో ఆకాశమంతా పరుచుకుంటుంది. ఒక్కో చదరానికి వచ్చే వెలుగు పెరగదు. చీకట్లో మన కంట్లో పనిచేసేవి రంగు తెలియని కణాలు. నీహారిక మధ్యలో నిలబడినా చాలావరకూ బూడిద రంగే.

ఫ్లెక్సీ అడుగున ఈసారి ఆరు రంగుల చతురస్రాలు, వాటి పక్కన ఫిల్టరు పేర్లు, మైక్రాన్లలో కొలతలు తెలుగులో పెట్టి ప్రింట్ చేశాను. దాని కోసం బొమ్మ పది అంగుళాలు తగ్గింది, మాస్టారు ఒప్పుకున్నారు.

మార్చి మధ్యలో రాత్రి 11 గంటల వేళ ఆ కరీనా నీహారికే మనకి దక్షిణాన సముద్రం మీద, బెత్తెడు ఎత్తున ఉంటుంది. పదిమంది పిల్లల్ని వెంటబెట్టుకుని ఓడలరేవు ఇసుకలోకి వెళ్ళాం. బైనాక్యులర్స్‌లో అది పొగ మచ్చలా, వేలితో తుడిచిన సుద్దముక్క గీతలా ఉంది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి చాలాసేపు చూసి, బైనాక్యులర్స్ దించకుండానే, "మాస్టారూ, 0.9 పొర ఎటువైపు ఎక్కువ ఉంటుందండీ?" అని అడిగింది.